పత్రహరిత సముదాయాల్లో కాంతి శోషణ: క్రమరాహిత్యం, కంపనాల పాత్ర

పంటల శరీరధర్మ శాస్త్ర ప్రయోగశాలల్లో పత్రహరితాన్ని అంచనా కట్టే పద్ధతి దాదాపు అంతటా ఒకటే. తాజా ఆకు ముక్కలను 80 శాతం ఎసిటోన్‌లో నూరి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైకి తేరిన ఆకుపచ్చ ద్రావణాన్ని స్పెక్ట్రోఫోటోమీటరులో ఉంచి 663, 645 నానోమీటర్ల వద్ద శోషణను చదువుతారు. 1949లో ఆర్నన్ ప్రచురించిన సమీకరణాల్లో ఆ రెండు విలువలను వేస్తే పత్రహరితం-ఎ, పత్రహరితం-బి పరిమాణాలు వస్తాయి. అయితే అదే ఆకును నూరకుండా, ఉన్నది ఉన్నట్లుగా పరికరంలో పెట్టి వర్ణపటం గీసినపుడు ఎరుపు ప్రాంతంలోని శిఖరం 663 వద్ద కనబడదు. అది 678 నానోమీటర్ల దాపున ఉంటుంది. శిఖరం వెడల్పు కూడా పెరిగి, దాని తోక 700 నానోమీటర్లను దాటి సాగుతుంది. ఎసిటోన్ ద్రావణంలో 700 వద్ద శోషణ దాదాపు శూన్యం.

అణువు మారలేదు. ఆకులో ఉన్నదీ, ద్రావణంలోకి దిగినదీ అదే పత్రహరితం. మరి ఈ 15 నానోమీటర్ల తేడా ఎక్కడినుండి వచ్చింది? దీనిని పరికర దోషంగానో, ఆకులో కాంతి చెదరడం వల్ల కలిగిన వికారంగానో భావించి విడిచిపెట్టడం వాడుక. కాంతి చెదరడానికి కొంత పాత్ర ఉన్నమాట నిజమే. కానీ ఆకునుండి కాంతిసేకరణ ప్రొటీన్‌ను వేరుచేసి, చెదరడానికి అవకాశంలేని పలుచని తేట ద్రావణంగా చేసి చూసినా శిఖరం 675 నానోమీటర్ల వద్దనే ఉంటుంది. ఆ ద్రావణంలో ఎసిటోన్ పోసి ప్రొటీన్‌ను విడగొట్టిన మరుక్షణం శిఖరం 663కు జరుగుతుంది. కాబట్టి తేడాకు మూలం పత్రహరిత అణువులు ఆకులో అమరివున్న తీరులోనే ఉంది. అణువులు దగ్గరగా చేరడం, వాటి పరిసరాలు ఒకదానికొకటి సరిపోలకపోవడం, అవి ఎడతెగక కంపిస్తూ ఉండడం అనే మూడూ కలిసి ఆకు ఏ కాంతిని పట్టుకోగలదో నిర్ణయిస్తాయి. ద్రావణపు వర్ణపటాన్ని చూసి ఆకు శోషణను లెక్కించేవారు ఈ మూడింటినీ వదిలివేస్తున్నారన్నమాట.

ఒంటరి అణువు

ముందుగా ఒంటరి అణువు కాంతిని ఎలా శోషిస్తుందో చూడాలి. ఫోటాన్ తాకినపుడు అణువులోని ఎలక్ట్రాన్ల విన్యాసం అతి స్వల్ప కాలంలో మారిపోతుంది. బరువైన కేంద్రకాలు అంత వేగంగా కదలలేవు. మార్పు జరిగిన తర్వాత అవి ఉండవలసిన చోటు కొద్దిగా వేరు కనుక, ఆ కొత్త చోటు చుట్టూ ఊగడం మొదలుపెడతాయి. నులకమంచం మీద ఎవరైనా హఠాత్తుగా కూర్చుంటే నులక దిగి, కాసేపు ఊగి, కొత్త స్థాయిలో నిలిచినట్లే ఇదీ. ఆ ఊగుడుకు కావలసిన శక్తిని కూడా ఫోటానే తెచ్చిపెట్టాలి. అందువల్ల ప్రధాన శిఖరానికి నీలివైపున, ఎక్కువ శక్తి ఉన్న చోట, చిన్న చిన్న ఉపశిఖరాలు ఏర్పడతాయి. వీటిని కంపన ఉపశిఖరాలు అనవచ్చు.

ఎలక్ట్రాన్ల మార్పు కేంద్రకాలను ఎంతగా కదిలిస్తే ఉపశిఖరాలు అంత బలంగా ఉంటాయి. పత్రహరితంలోని పెద్ద వలయం బిగువైన నిర్మాణం. ఎలక్ట్రాన్ల మార్పు వలయమంతటా పరచుకొని ఉండడం వల్ల ఏ ఒక్క బంధమూ పెద్దగా సాగదు. అందుకే ఎసిటోన్‌లో 663 వద్ద ఎత్తైన శిఖరం, 615–620 ప్రాంతంలో చిన్న మూపు మాత్రమే కనబడతాయి. పొడవైన గొలుసు నిర్మాణం గల రంజకాల్లో పరిస్థితి ఇలా ఉండదు. అక్కడ కార్బన్–కార్బన్ బంధాల కంపనాలు బలమైన ఉపశిఖరాలను ఇస్తాయి.

ద్రావణి ప్రభావాన్ని కూడా ఇక్కడే గుర్తించాలి. 1989లో పోరా, ఆయన సహచరులు సవరించిన సమీకరణాల్లో పత్రహరితం-ఎ శిఖరాన్ని 80 శాతం ఎసిటోన్‌లో 663.6 నానోమీటర్లుగా, మిథనాల్‌లో 665.2గా తీసుకొన్నారు. చుట్టూ ఉన్న ద్రావణి అణువులు మారితేనే శిఖరం జరుగుతున్నది. (ఆర్నన్ సమీకరణాలు పత్రహరితం-ఎ ను తక్కువగా, -బి ని ఎక్కువగా చూపుతాయని కూడా ఆ పరిశోధన తేల్చింది. ఎ/బి నిష్పత్తిని ఆధారం చేసుకొని నీడకు తట్టుకొనే రకాలను పోల్చేవారు ఏ సమీకరణాలు వాడారో తప్పక పేర్కొనడం మంచిది.)

అణువులు చేరువైనపుడు

శక్తిని కొలవడానికి తరంగదైర్ఘ్యం కన్న తరంగసంఖ్య, అంటే ఒక సెంటీమీటరులో ఇమిడే తరంగాల సంఖ్య, అనుకూలమైన ప్రమాణం. ఆ లెక్కన 663, 678 నానోమీటర్ల మధ్య తేడా 334 యూనిట్లు. గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణశక్తి సుమారు 208 యూనిట్లు. ఈ రెండో సంఖ్యను గుర్తుంచుకోవాలి. ముందు చెప్పబోయే తూకమంతా దీనితోనే.

ఒక అణువు పొందిన ఉత్తేజం పక్క అణువుకు చేరగలదని, ఘనపదార్థంలో అది ఏ ఒక్క అణువుకూ చెందకుండా పలు అణువుల ఉమ్మడి ఆస్తిగా ఉండగలదని 1931లో సోవియట్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రెంకెల్ ప్రతిపాదించాడు. ఆ ఉమ్మడి ఉత్తేజాన్నే తరువాత ఎక్సిటాన్ అన్నారు. ప్రయోగంలో దీనికి స్పష్టమైన రూపం 1936లో దొరికింది. ఇంగ్లాండులో జెల్లీ, జర్మనీలో షైబే విడివిడిగా సూడోఐసోసయనిన్ అనే రంజకాన్ని పరిశీలించారు. ఫోటో ఫిలింను ఆకుపచ్చ, ఎరుపు కాంతులు గ్రహించేలా చేయడానికి ఇటువంటి రంజకాలను వాడేవారు. పలుచని ద్రావణంలో ఈ రంజకం 525 నానోమీటర్ల చుట్టూ వెడల్పైన శోషణను చూపుతుంది. గాఢత పెంచితే ఆ పట్టీ తగ్గి, 570 దాటిన చోట సూదిమొన వంటి సన్నని శిఖరం లేస్తుంది. అణువులు ఒకదాని తల మరొకదాని తోకకు ఆనేటట్లు వరుసగా చేరి సముదాయం కట్టడమే ఇందుకు కారణం. జెల్లీ పేరులోని మొదటి అక్షరం మీదుగా వీటికి జె-సముదాయాలన్న పేరు నిలిచింది.

తలకు తోక ఆనిన వరుసలో అణువుల ద్విధ్రువాలు ఒకే లయలో ఊగినపుడు ఉమ్మడి శక్తి తగ్గుతుంది, శిఖరం ఎరుపు వైపు జరుగుతుంది. అణువులు పేకముక్కల దొంతరవలె ఒకదానిపై ఒకటి పేర్చివుంటే శక్తి పెరుగుతుంది, శిఖరం నీలి వైపు జరుగుతుంది. రెండో రకాన్ని హెచ్-సముదాయాలంటారు. ఈ వర్గీకరణను కాషా 1960ల నాటికి సుస్థిరం చేశాడు. అణువుల మధ్య అన్యోన్య చర్య దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది. దూరం రెట్టింపైతే చర్య ఎనిమిదో వంతు మాత్రమే మిగులుతుంది.

పత్రహరితపు విషయంలో 334 యూనిట్ల తేడా అంతా ఇలా పంచుకోవడం వల్లనే వచ్చినదని అనుకోకూడదు. ప్రొటీన్‌లోని ఆవేశాలు, పత్రహరితపు మెగ్నీషియంకు తగిలివుండే అమైనో ఆమ్లం, హైడ్రోజన్ బంధాలు, వలయం కొద్దిగా మెలిపడడం ఒక్కొక్క అణువు శక్తినీ విడిగా మారుస్తాయి. కొన్ని జతల్లో పంచుకోవడం ప్రధానం. మరికొన్నిచోట్ల ప్రొటీన్ ప్రభావమే ప్రధానం. 2004లో పాలకూర నుండి తీసిన కాంతిసేకరణ ప్రొటీన్ సముదాయం-2 నిర్మాణం సూక్ష్మంగా తెలిసింది. అందులో ఒక్కొక్క ప్రొటీన్ యూనిట్‌కు 8 పత్రహరితం-ఎ అణువులు, 6 పత్రహరితం-బి అణువులు, 4 కెరోటినాయిడ్లు ఉన్నాయి. ఈ 14 పత్రహరితాల్లో ఏ రెండింటి పరిసరాలూ ఒకటి కావు.

క్రమరాహిత్యం

ఇక్కడినుండి క్రమరాహిత్యం ప్రవేశిస్తుంది. ఇందులో రెండు అంచెలున్నాయి. 14 స్థానాల మధ్య నిర్మాణంలోనే ఉన్న తేడా మొదటిది. ఇది అన్ని ప్రతుల్లోనూ ఒకేలా పునరావృతమవుతుంది. రెండోది యాదృచ్ఛికమైనది. ఒకే స్థానంలోని పత్రహరితమే ఒక ప్రొటీన్ ప్రతిలో ఒక విధంగా, పక్క ప్రతిలో కొంచెం వేరుగా ఉంటుంది. ప్రొటీన్ మడతల్లోని చిన్న చిన్న తేడాలు ఇందుకు కారణం. ఒక్క థైలకాయిడ్‌లోనే ఇటువంటి ప్రతులు వేలకొద్దీ ఉంటాయి కనుక పరికరానికి కనిపించే వెడల్పైన పట్టీ నిజానికి స్థానం మారిన అనేక సన్నని పట్టీల మొత్తం.

వ్యవసాయ పరిశోధకులకు ఈ భావన కొత్తది కాదు. ఒకే వంగడాన్ని ఒకే పొలంలో పలు మడుల్లో వేసినా దిగుబడులు సమానంగా రావు. నేల సారంలో యాదృచ్ఛికమైన తేడాలుంటాయి. ఒక్కొక్క మడి దిగుబడిలో ఉన్న చెదురును సగటు దిగుబడిలో తగ్గించడానికే పునరావృత్తులు పెడతారు. మడుల సంఖ్య 16 అయితే సగటులోని ప్రమాణ దోషం నాలుగో వంతుకు దిగుతుంది. ఎక్సిటాన్ విషయంలో జరిగేదీ అచ్చంగా ఇదే. ఉత్తేజం 16 అణువుల మీద సమానంగా పరచుకొన్నపుడు దాని శక్తి ఆ 16 అణువుల శక్తుల సగటు మీద ఆధారపడుతుంది కనుక శోషణ పట్టీ వెడల్పు ఒంటరి అణువులో ఉన్నదానికి నాలుగో వంతు అవుతుంది. జె-సముదాయాల శిఖరం సూదిమొనలా ఎందుకుందో 1984లో న్యాప్ ఈ విధంగానే వివరించాడు.

ఈ పోలిక మరికొంత దూరం కూడా నడుస్తుంది. వర్గమూలం సూత్రం చెల్లాలంటే మడుల మధ్య తేడాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. పొలంలో ఒక కొసనుండి మరో కొసకు సారం క్రమంగా తగ్గుతున్నపుడు పక్కపక్క మడులు ఒకే తీరుగా ఉంటాయి, పునరావృత్తులు పెంచినా ఆశించిన లాభం రాదు. అణు సముదాయంలో పొరుగు అణువుల శక్తులు కలిసి పెరిగి కలిసి తగ్గేటట్లుంటే పట్టీ అంతగా సన్నబడదు. పట్టీ వెడల్పును మాత్రమే చూసి ఉత్తేజం ఎన్ని అణువుల మీద పరచుకొన్నదో చెప్పడం అందువల్లనే ప్రమాదకరం.

పోలిక ఆగిపోయే చోటు ఒకటుంది. మడుల సగటును పరిశోధకుడు కావాలని తీస్తాడు. అణువుల సగటు దానంతట అది ఏర్పడాలి. అణువుల మధ్య అన్యోన్య చర్య క్రమరాహిత్యం కన్న బలంగా ఉంటేనే ఉత్తేజం పరచుకొంటుంది. క్రమరాహిత్యానిది పైచేయి అయితే ఉత్తేజం ఒకటి రెండు అణువుల్లో చిక్కుబడిపోతుంది, సగటు తీయడమనేదే ఉండదు. క్రమరాహిత్యం తరంగాలను కట్టిపడేయగలదని 1958లో ఆండర్సన్ చూపిన సూత్రానికి ఇది ఒక రూపం.

ఈ రెండు పరిస్థితులూ ఒకే ప్రొటీన్‌లో పక్కపక్కనే కనబడే ఉదాహరణ ఊదా బ్యాక్టీరియాలోని కాంతిసేకరణ సముదాయం-2. దీని నిర్మాణం 1995లో వెల్లడైంది. ఇందులో బ్యాక్టీరియా పత్రహరితాలు రెండు వలయాలుగా అమరివుంటాయి. ఒక వలయంలో 9 అణువులు దూరదూరంగా, సుమారు 21 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంలో ఉంటాయి. రెండో వలయంలో 18 అణువులు సుమారు 9 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంలో గుమిగూడి ఉంటాయి. అణువు ఒకటే, కానీ మొదటి వలయం 800 నానోమీటర్ల వద్ద, రెండోది 850 వద్ద శోషిస్తాయి. 1999లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు ఒక్కొక్క సముదాయాన్ని విడిగా, పరమ శూన్యానికి 1.2 డిగ్రీల ఎగువన చల్లబరచి వర్ణపటం గీశారు. 800 ప్రాంతంలో విడివిడిగా సన్నని గీతలు కనిపించాయి. ఒక్కొక్క గీత దాదాపు ఒక్కొక్క అణువుది. అక్కడ ఉత్తేజం చిక్కుబడి ఉంది. 850 ప్రాంతంలో మాత్రం వలయమంతటికీ చెందిన, పరస్పరం లంబంగా ధ్రువితమైన రెండు వెడల్పు పట్టీలు వచ్చాయి. అక్కడ ఉత్తేజం ఉమ్మడిగా ఉంది. వేల కోట్ల ప్రతులను కలిపి కొలిచినంత కాలం ఈ తేడా ఒకే మొద్దు శిఖరంలో దాగివుండేది.

క్రమరాహిత్యం ఎప్పుడూ చెరుపే చేస్తుందనుకోవడం పొరపాటు. పరిపూర్ణమైన వలయంలో అతి తక్కువ శక్తి గల ఉమ్మడి స్థితికి కాంతితో సంబంధం ఉండదు. అణువుల ద్విధ్రువాలు చుట్టూ తిరిగి ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. పరిసరాల్లోని చిన్న తేడాలు ఆ రద్దును అసంపూర్ణం చేసి ఆ స్థితికి కూడా కొంత కాంతిని అందిస్తాయి. ఆకుపచ్చ గంధక బ్యాక్టీరియా మరో ఉదాహరణ. నల్లసముద్రంలో దాదాపు 100 మీటర్ల లోతున, మనిషి కంటికి ఆనని వెలుతురులో ఇవి జీవిస్తాయి. ఈ వర్గంలోని కొన్ని బ్యాక్టీరియాల క్లోరోసోములలో బ్యాక్టీరియా పత్రహరితం-సి అణువులు ప్రొటీన్ ఆసరా లేకుండానే వాటంతట అవి చుట్టలుగా చేరతాయి. ద్రావణంలో 668 వద్ద ఉన్న శిఖరం ఇక్కడ 750 దాపునకు జరుగుతుంది. ఆ అణువులు అన్నీ ఒకే అచ్చులో పోసినవి కావు. పక్క సమూహాల్లో మిథైల్ తేడాలు గల మిశ్రమం అవి. మిథైల్ సమూహాలను చేర్చే ఎంజైములను తొలగించిన ఉత్పరివర్తితాల్లో శిఖరం నీలి వైపు జరిగింది, మసక వెలుతురులో పెరుగుదల మందగించింది. మేలురకం విత్తనానికి స్వచ్ఛతే ప్రాణమని నమ్మే శాస్త్రంలో ఇది ఆలోచించదగ్గ విషయం.

కంపనాలు

పైన చెప్పిన క్రమరాహిత్యాన్ని కదలనిదిగా, ఫోటో తీసినట్లుగా భావించాం. నిజానికి ప్రొటీన్ నిలకడగా ఉండదు. కొన్ని కదలికలు క్షణాల మీద సాగే నెమ్మదైనవి. అవి స్థిరమైన తేడాలకిందే లెక్క. మరికొన్ని సెకనులో లక్షల కోట్లసార్లు ఊగే కంపనాలు. ఉత్తేజం అణువునుండి అణువుకు చేరే కాలం కూడా ఆ కోవలోనిదే కావడం వల్ల ఈ రెండింటినీ విడదీసి చూడడం సాధ్యం కాదు.

కంపనాల వల్ల శోషణ పట్టీ వెడల్పవుతుందనేది అందరికీ తెలిసినదే. ఉష్ణోగ్రతతో పాటు ఈ వెడల్పు పెరుగుతుంది. స్థిరమైన క్రమరాహిత్యం వల్ల కలిగిన వెడల్పు ఉష్ణోగ్రతను అంతగా పట్టించుకోదు. అందుకే నమూనాను ద్రవ నత్రజనిలో 77 కెల్విన్‌కు చల్లబరచి చూడడం ఈ రెండింటినీ వేరుచేసే మొదటి ఉపాయమైంది. మరొక సంగతి: కంపనాలు ఉత్తేజాన్ని ఒక అణువుకు కట్టివేయడానికి ప్రయత్నిస్తాయి. ఉత్తేజితమైన అణువు తన కేంద్రకాలను కొత్త స్థానాలకు జరుపుకొంటే అక్కడి శక్తి తగ్గి, అది ఒక గుంటలో పడినట్లవుతుంది. పంచుకోవడం బలంగా ఉంటే మాత్రం ప్రతి అణువూ ఉత్తేజంలో చిన్న భాగాన్నే మోస్తుంది, దాని కేంద్రకాలు పెద్దగా కదలవు, కంపన ఉపశిఖరాలు బలహీనపడతాయి. జె-సముదాయాల్లో ప్రధాన శిఖరంతో పోలిస్తే ఉపశిఖరాలు కుంచించుకుపోతాయి, హెచ్-సముదాయాల్లో ఇందుకు విరుద్ధంగా ఉపశిఖరాలు పెరుగుతాయి. పట్టీ వెడల్పుకన్నా ఈ ఎత్తుల నిష్పత్తి నమ్మదగిన కొలబద్ద, ఎందుకంటే సముదాయం ఏ రకమైనదో దీనినుండి నేరుగా తెలుస్తుంది.

కంపనాలు లేకపోతే శక్తి కిందికి దిగలేదన్నది అన్నింటికన్న ముఖ్యమైన విషయం. కాంతిసేకరణ ప్రొటీన్‌లో 650 వద్ద శోషించే పత్రహరితం-బి నుండి 675 వద్ద శోషించే పత్రహరితం-ఎ కు శక్తి చేరినపుడు 570 యూనిట్లు మిగిలిపోతాయి. ఆ మిగులును ప్రొటీన్ కంపనాలు ఉష్ణంగా స్వీకరించాలి. ఈ బదిలీలు చాలావరకు ఒకటి నుండి కొన్ని పికోసెకన్లలో ముగుస్తాయి. పత్రహరితం ఉత్తేజాన్ని ప్రతిదీప్తిగా వదిలివేయడానికి నానోసెకన్లు పడుతుంది కనుక బదిలీకి కావలసినంత వ్యవధి ఉంది.

ఈ సందర్భంలో ఒక వాదాన్ని ప్రస్తావించకుండా ఉండలేం. 2007లో బర్క్‌లీ పరిశోధకులు గంధక బ్యాక్టీరియాలోని ఒక చిన్న పత్రహరిత ప్రొటీన్‌ను 77 కెల్విన్ వద్ద అతిస్వల్ప లేజర్ స్పందనలతో పరిశీలించి, 600 ఫెమ్టోసెకన్లకు పైగా సాగిన డోలనాలను చూపారు. మొక్కలు క్వాంటం లయను ఉపయోగించుకొని శక్తిని నడిపిస్తున్నాయన్న ప్రచారం దీనితో మొదలై పాఠ్యపుస్తకాలదాకా పాకింది. గది ఉష్ణోగ్రత వద్ద ఎలక్ట్రాన్ల లయ సుమారు 60 ఫెమ్టోసెకన్లలోనే అణగిపోతుందని 2017 నాటి ప్రయోగాలు తెలిపాయి. దీర్ఘకాలం సాగిన డోలనాలు ప్రధానంగా అణువుల కంపనాలవేనని 2020లో ఈ రంగంలోని పలువురు కలిసి వెలువరించిన సమీక్ష నిర్ధారించింది. కొలతలు తప్పు కాలేదు. ఆ డోలనాలు దేనివో గుర్తించడంలోనే పొరపాటు జరిగింది. కంపనాలను లెక్కలోకి తీసుకోకుండా వర్ణపటాన్ని చదివితే ఎంతటివారైనా ఎక్కడికి చేరగలరో ఈ ఉదంతం చూపుతున్నది.

దట్టమైన పైరులో కింది ఆకులు

కంపనాల ప్రయోజనం పంటల విషయంలో స్పష్టంగా కనిపించేది కాంతివ్యవస్థ-1లో. దాని చర్యాకేంద్రం 700 నానోమీటర్ల వద్ద శోషిస్తుంది. విచిత్రమేమిటంటే దాని చుట్టూ ఉన్న కొన్ని పత్రహరితాలు 700ను దాటి, అంటే చర్యాకేంద్రం కన్న తక్కువ శక్తి వద్ద శోషిస్తాయి. ఇవి దగ్గరగా బిగించిన జతలు. ఎలక్ట్రాన్ ఒక అణువునుండి పక్క అణువుకు పాక్షికంగా మళ్లే స్థితి ఈ జతల్లో ఉత్తేజంతో కలిసిపోవడం వల్ల శిఖరం ఎరుపు వైపు బాగా జరుగుతుంది, కంపనాలతో సంబంధం బలపడి పట్టీ చాలా వెడల్పవుతుంది. జతలోని ఒక పత్రహరితానికి ఆనివున్న ఆస్పరజిన్ స్థానంలో హిస్టిడిన్‌ను ప్రవేశపెడితే ఈ దూర ఎరుపు శోషణ మాయమవుతుంది. ఒక్క అమైనో ఆమ్లంతో జత ఎడం మారి, రంగే మారిపోయింది.

720 వద్ద శోషించిన శక్తి 700 వద్దకు చేరాలంటే సుమారు 397 యూనిట్ల గట్టు ఎక్కాలి. గది ఉష్ణోగ్రత ఉష్ణశక్తి 208 కనుక గట్టెక్కే అవకాశాన్ని సూచించే గుణకం సుమారు 15 శాతం. ప్రయత్నాలు పికోసెకన్ల మీద పదేపదే జరుగుతాయి కాబట్టి అది చాలు. అదే 77 కెల్విన్ వద్ద ఈ గుణకం పదివేలకు 6 వంతులకు పడిపోతుంది. శక్తి గుంటలోనే చిక్కుకొని ప్రతిదీప్తిగా బయటపడాలి. ప్రయోగంలో జరిగేది అదే: ద్రవ నత్రజనిలో ముంచిన ఆకు 685, 695 నానోమీటర్ల శిఖరాలతో పాటు 735 వద్ద ఎత్తైన ప్రతిదీప్తి శిఖరాన్ని ఇస్తుంది. గది ఉష్ణోగ్రత వద్ద ఆ చివరిది చిన్న మూపుగా మాత్రమే ఉంటుంది.

దట్టంగా కమ్ముకొన్న వరి పైరులో పై ఆకులు 680 వరకు గల కాంతిని ఎక్కువగా మింగివేస్తాయి. కింది ఆకులకు చేరేది అధికంగా 700కు పైబడిన దూర ఎరుపు. ఆ వెలుతురులో సంఖ్యలో కొద్దిగానే ఉన్న ఈ ఎర్ర పత్రహరితాలు మోసే భారం వాటి సంఖ్యకు మించినది. అయితే దూర ఎరుపు కాంతి ఒక్కటే ఉంటే కాంతివ్యవస్థ-2 వెనుకబడి కిరణజన్య సంయోగక్రియ కుంటుపడుతుంది. 680 దాటాక సామర్థ్యం పడిపోవడాన్ని, తక్కువ తరంగదైర్ఘ్యపు కాంతిని తోడుచేస్తే తిరిగి పుంజుకోవడాన్ని ఎమర్సన్ 1957లోనే చూపాడు. నీడలోని ఆకుల పనితీరును అంచనా కట్టేటపుడు ఎసిటోన్ వర్ణపటాన్ని ఆధారం చేసుకొంటే 700కు ఆవల ఏమీ లేదన్న లెక్క వస్తుంది. ఆ లెక్క తప్పు.

ఆకు మీద కొలతలు

ఆకు స్థాయిలో మరి రెండు ప్రభావాలు తోడవుతాయి. పత్రహరితం ఆకంతటా పరచుకోక హరితరేణువుల్లో కుప్పలుగా ఉండడంతో కొంత కాంతి సందుల్లోంచి జారిపోయి శిఖరాలు చదునవుతాయి. డ్యుయ్‌సెన్స్ 1956లో దీనిని లెక్కగట్టాడు. కణాల మధ్య గాలి ఖాళీల్లో కాంతి చెదిరి దాని దారి పొడవవడం వల్ల బలహీనమైన శోషణలు పెద్దవిగా కనిపిస్తాయి. ఈ రెండూ శిఖరాన్ని తగ్గించి తోకను పెంచేవే. కానీ తోక అనేది మొదట ఉండాలి కదా! దానిని ఏర్పరచింది పైన చెప్పిన క్రమరాహిత్యం, అప్పటికే కంపిస్తున్న అణువులు తక్కువ శక్తి గల ఫోటాన్లను కూడా శోషించగలగడం.

నత్రజని యాజమాన్యానికి ఈ తోకే ఆధారమవుతున్నది. ఆరోగ్యంగా ఉన్న ఆకు 678 వద్ద పడిన కాంతిలో అత్యధిక భాగాన్ని ఎలాగూ శోషిస్తుంది. పత్రహరితం మరికొంత పెరిగినా అక్కడ కొలతలో చెప్పుకోదగ్గ మార్పు రాదు. స్పాడ్ మీటరు శిఖరాన్ని వదిలి 650 నానోమీటర్ల వద్ద, పోలికకు 940 వద్ద కొలవడంలోని తర్కం ఇదే. ముదురాకుపచ్చ ఆకుల్లో ఆ 650 వద్ద కూడా శోషణ నిండుకొనివచ్చి, స్పాడ్ విలువకూ పత్రహరితానికీ మధ్య గీత వంగిపోతుంది. 700–720 ప్రాంతంలో శోషణ ఇంకా సగంలోనే ఉంటుంది కనుక పత్రహరితపు హెచ్చుతగ్గులు అక్కడ స్పష్టంగా తెలుస్తాయి. పత్రహరితం పెరిగితే ప్రతిఫలనం ఒక్కసారిగా లేచే ఎర్ర అంచు ఎక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. నత్రజని తక్కువైన పైరులో వెనక్కి వస్తుంది. 2015లో ప్రయోగించిన సెంటినెల్-2 ఉపగ్రహం ఈ అంచును చూడడానికే 705, 740, 783 నానోమీటర్ల వద్ద మూడు పట్టీలను 20 మీటర్ల స్పష్టతతో మోస్తున్నది. వాటిలో 705 నానోమీటర్ల పట్టీ పడేది ఎసిటోన్ ద్రావణం దాదాపు రంగులేనిదిగా కనిపించే చోటనే.